ఆర్నాల్డ్ రిడ్లీ గారి సర్వీసు రిజిస్టరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు కేటాయించారు. విషయం మీ ఇష్టం అన్నారు. డి.ఆర్. గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి నాకంటే బాగా చెప్పగలవారు రెండో వరుసలోనే కూర్చున్నారు కనుక నేను ఆ జోలికి పోను. డిసెంబరు 17 అనగానే మనకు 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుకు వస్తుంది. పెన్షను అనేది దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పిన తీర్పు అది. సరిగ్గా అదే 1982లో ఇంగ్లండులో ఒక ముసలాయనకు ఓ.బి.ఇ. బిరుదు ఇచ్చారు. అప్పటికి ఆయన వయస్సు 86. రేడియోలో, టెలివిజన్‌లో, సినిమాల్లో చిన్న వేషాలు వేసిన నటుడాయన. పేరు ఆర్నాల్డ్ రిడ్లీ. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆయన సంగతి.

ఎవరో దొర గురించి మనకెందుకు అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. నేను రిటైరైన తరువాత మా అమ్మాయి, అల్లుడు పట్టుబట్టి ఇంగ్లండుకు తీసుకువెళ్ళారు. ఇద్దరూ ఆసుపత్రి ఉద్యోగులే, పొద్దున పోతే రాత్రికి గాని ఇంటికి రారు. బయట చలి. మాట్లాడడానికి మనిషి లేడు. శనివారం సాయంత్రాలు మాత్రం బి.బి.సి.లో 'డాడ్స్ ఆర్మీ' అనే పాత హాస్య ధారావాహిక మళ్ళీ మళ్ళీ వేసేవారు. "నాన్నా, ఇది చూడండి, అచ్చం మీ ఆఫీసులా ఉంటుంది" అని మా అమ్మాయి నన్ను టీవీ ముందు కూర్చోబెట్టింది. అది చెప్పింది నిజమే.

ఆ కథ ఏమిటో నాలుగు ముక్కల్లో చెబుతాను. 1940 మే నెలలో హిట్లరు సైన్యం ఫ్రాన్సు మీద పడింది. రేపోమాపో ఇంగ్లీషు చానల్ దాటి వస్తుందని భయం. అప్పుడు ఆంథొనీ ఈడెన్ రేడియోలో మాట్లాడుతూ, సైన్యంలో లేని మగవాళ్ళు, 17 మొదలు 65 ఏళ్ల వరకూ ఎవరైనా సరే, ఊరి కాపలాకు ముందుకు రండి అని పిలుపునిచ్చారు. ఇరవైనాలుగు గంటల్లో రెండున్నర లక్షల మంది పేర్లు ఇచ్చారట. మొదట్లో తుపాకులు చాలలేదు, యూనిఫారాలు చాలలేదు. ఆ దళానికే తరువాత హోంగార్డు అని పేరు పెట్టారు. మన హోంగార్డులు వేరు, ఆ హోంగార్డు వేరు సుమండీ. జిమ్మీ పెర్రీ అనే ఆయన కుర్రతనంలో స్వయంగా అందులో పనిచేశాడు. ఆ అనుభవంతో డేవిడ్ క్రాఫ్ట్‌తో కలిసి ఈ ధారావాహిక రాశాడు. 1968 జూలై 31న మొదలై 1977 నవంబరు 13 దాకా సాగింది. మొత్తం 80 భాగాలు.

వామింగ్‌టన్-ఆన్-సీ అని సముద్రపొడ్డున ఒక కల్పిత ఊరు. అక్కడి దళానికి కెప్టెన్ బ్యాంకు మేనేజరు మానరింగ్. ఆ వేషం ఆర్థర్ లో వేశాడు. సార్జెంటు విల్సన్ అదే బ్యాంకులో హెడ్ క్లర్కు, వేషధారి జాన్ లె మెజూరియర్. పైవాడికి తాను పైవాణ్ణన్న భయం, కిందివాడికి తానే తెలివైనవాణ్ణన్న నవ్వు. ఆ ఇద్దరినీ చూస్తుంటే మన సూపరింటెండెంట్లు, సీనియర్ అసిస్టెంట్లు కళ్ళ ముందు మెదులుతారు. (ఎవరి పేరూ చెప్పను, ఇక్కడే ఉన్నారు.) మాంసం కొట్టు నడిపే జోన్స్, శవపేటికలు చేసే ఫ్రేజర్, అమ్మచాటు బిడ్డ పైక్ ఇంకా ఉన్నారు. ఇక ఆ వరుసలో ఒక పక్కగా, మెత్తగా నవ్వుతూ నిలబడే ముసలాయన పేరు గాడ్‌ఫ్రే. ఆయనే మన రిడ్లీ.

గాడ్‌ఫ్రే పెద్ద బట్టల దుకాణంలో 35 ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఇద్దరు అక్కచెల్లెళ్లతో చిన్న కుటీరంలో ఉంటాడు. కవాతు మధ్యలో వచ్చి, నేను ఒకసారి బయటికి వెళ్ళి రావచ్చునా అని ఎంతో మర్యాదగా అడుగుతాడు. మూత్రం ఆపుకోలేడు పాపం. నవ్వు వస్తుంది. డెబ్బై దాటిన నాకూ నవ్వు వచ్చింది, కాస్త సిగ్గూ వేసింది.

క్యారెక్టర్ యాక్టరు అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. మన గుమ్మడిగారిని తలచుకోండి. 'మాయాబజార్' (1957)లో కృష్ణుడైన రామారావుగారికి అన్న బలరాముడు ఆయనే. నిజానికి వయస్సులో రామారావుగారే పెద్ద. ఇటువంటి నటులు కథకు దూలాలవంటివారు. పైకప్పు వేశాక దూలం కనిపించదు. డాడ్స్ ఆర్మీలో కూడా ముసలి జోన్స్ వేషం వేసిన క్లైవ్ డన్‌కు అప్పటికి 48 ఏళ్లే, తెల్లజుట్టు అంతా మేకప్పే. రిడ్లీకి మేకప్పుతో పని లేకపోయింది. మొదటి భాగం ప్రసారమైనప్పుడు ఆయనకు 72 నిండాయి.

ఆయన్ను తీసుకునేముందు క్రాఫ్ట్, వేషంలో అప్పుడప్పుడు పరుగెత్తవలసి ఉంటుంది, మీ వల్ల అవుతుందా అని అడిగాడట. అవుతుందనే అనుకుంటాను అన్నాడట ఈయన. ఆ జవాబు నన్ను పట్టుకుంది. 72 ఏళ్ల వయస్సులో పరుగెత్తుతానని ఒప్పుకునే అవసరం ఆయనకు ఏమి వచ్చింది? గ్రంథాలయం నుంచి అమ్మాయి పుస్తకాలు తెచ్చి ఇచ్చింది. ఆయన కుమారుడే తండ్రి గురించి ఒక పుస్తకం రాశాడు. నేను గుమాస్తాను గనుక, చదువుతూ చదువుతూ కాగితం మీద ఆయనకొక సర్వీసు రిజిస్టరు తయారుచేశాను.

పుట్టిన తేదీ 1896 జనవరి 7. స్థలం ఇంగ్లండులోని బాత్ పట్టణం. తండ్రికి బూట్ల దుకాణం. ఆయన కుర్రవాళ్ళకు కసరత్తు, ముష్టియుద్ధం కూడా నేర్పేవాడు. కుమారుడు బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో చదివాడు, నాటకాల మోజులో పడ్డాడు. 1914లో యుద్ధం రాగానే సైన్యంలో చేరబోతే కాలివేలు సరిగా లేదని తిప్పి పంపించారు. మరుసటి ఏడు మనుషులు తక్కువై, ఆ వేలే సరిపోయింది. సోమర్సెట్ లైట్ ఇన్‌ఫంట్రీలో సిపాయిగా చేర్చుకున్నారు.

1916లో ఫ్రాన్సులో సోమ్ నది దగ్గర జరిగిన యుద్ధం పేరు మీరు వినే ఉంటారు. జూలై 1న, మొదటి రోజునే, బ్రిటిష్ సైనికులు 19 వేలకు పైగా చనిపోయారు. ఆ సోమ్‌లోనే రిడ్లీ గాయపడ్డాడు. తుపాకి మడమతో తలమీద కొట్టారు. బానెట్టు పోటుకు ఎడమ చెయ్యి దాదాపు పనికిరాకుండా పోయింది. గజ్జలో మరో పోటు. కాళ్ళ నిండా గుండు ముక్కలు. వైద్య కారణాలతో 1917లో సైన్యం నుంచి విడుదల చేశారు. ఆ తలదెబ్బ వల్ల ఆ తరువాత జీవితమంతా ఉన్నట్టుండి స్పృహ తప్పేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో యూనిఫారం లేని పడుచువాడు వీధిలో కనబడితే కొందరు స్త్రీలు వచ్చి చేతిలో తెల్ల ఈక పెట్టేవారు. నువ్వు పిరికివాడివి అని దాని అర్థం. గాయపడి ఇంటికి వచ్చిన రిడ్లీకి కూడా ఒకామె ఆ ఈక ఇచ్చింది. గాయాలతో విడుదలైనవారికి ప్రభుత్వం ఇచ్చే వెండి బిళ్ళ ఒకటి ఆయన దగ్గర ఉంది. అది కోటుకు పెట్టుకోలేదు. ఆమెతో ఏమీ అనలేదు. ఈక తీసుకుని వెళ్ళిపోయాడు.

1918లో బర్మింగ్‌హామ్‌లో నాటక సంస్థలో చేరి మూడేళ్లు వేషాలు వేశాడు. పాత గాయాలు తిరగబెట్టాయి. వేషాలు మాని తండ్రి బూట్ల దుకాణంలో కూర్చున్నాడు. కథ అక్కడితో ముగియవలసిందే. కానీ ఒక రాత్రి బ్రిస్టల్ దగ్గర మ్యాంగట్స్‌ఫీల్డ్ అనే చిన్న స్టేషనులో రైలు కోసం ఒంటరిగా చిక్కుకుపోయాడు. ఆ స్టేషను పక్కగా మరో లైను వంపు తిరిగి పోతుంది. ఎక్స్‌ప్రెసు రైలు ఆ లైను మీద వెళితే స్టేషనులోకే దూసుకు వస్తున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. చూస్తే రైలు ఉండదు. ఆ చప్పుడులోనుంచి 1923లో 'ది ఘోస్ట్ ట్రెయిన్' నాటకం పుట్టింది. రాత్రివేళ పల్లెటూరి స్టేషనులో చిక్కుకున్న ప్రయాణికులు, దయ్యపు రైలు వస్తుందని భయపెట్టే స్టేషను మాస్టరు, వెనకాల దొంగరవాణా ముఠా. 1925 నవంబరులో లండనుకు వచ్చి 665 ప్రదర్శనలు ఆడింది.

మన పరిషత్తు నాటకాలలో వేషాలు వేసినవారికి ఆసక్తిగా ఉంటుందని ఒక మాట. ఆ రోజుల్లో రైలు చప్పుడు ఎలా చేసేవారో తెలుసునా? తెర వెనక తోట రోలరును చెక్కపలకల మీద దొర్లించేవారు, డ్రమ్ములు, రేకులు వాయించేవారు, ఈలలు ఊదేవారు. ప్రేక్షకులకు నిజంగా రైలు తమ మీదికే వస్తున్నట్టు అనిపించేదట. నేను 1970లలో మా ఆఫీసు నాటికలో వానకోసం బియ్యం చేటలో పోసి ఆడించాను. వాన పడలేదు గాని బియ్యం పడ్డాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, పెన్షనర్లంతా చెవులు రిక్కించి వినాలి. ఈ నాటకాన్ని దేశదేశాల ఔత్సాహిక బృందాలు ఏళ్ల తరబడి ఆడాయి, నేటికీ ఆడుతున్నాయి. ఆడిన ప్రతిసారీ రచయితకు కొంత సొమ్ము రావాలి. డబ్బు అవసరం పడి ఆయన ఆ ఔత్సాహిక ప్రదర్శన హక్కులను కొద్దిపాటి ఏకమొత్తానికి అమ్మేశాడు. అంటే మన భాషలో కమ్యూటేషన్. మనం నలభై శాతం కమ్యూట్ చేసుకుంటే పదిహేనేళ్లకు తిరిగి కలుపుతారు. ఆయన నూటికి నూరు శాతం కమ్యూట్ చేశాడు, రెస్టొరేషన్ లేదు. ఇంటి పెళ్ళి కోసం, ఇల్లు కట్టడం కోసం ఆ ఫారం మీద సంతకం పెట్టిన వారందరికీ ఆయన మనస్సు తెలుస్తుంది. నేనూ పెట్టాను.

తరువాత 1930లలో స్నేహితులతో కలిసి సినిమా కంపెనీ పెట్టాడు. మొదటి చిత్రం 'రాయల్ ఈగిల్' 1936లో వచ్చింది. రెండోది తీస్తుండగా అండగా ఉన్న బ్యాంకు కూలిపోయి కంపెనీ మునిగింది. ఆ అప్పులు ఏళ్ల తరబడి తీర్చాడు. ఇంతలో రెండో యుద్ధం. అప్పటికి 43 ఏళ్ల వయస్సు, ఒక చెయ్యి సరిగా లేదు. అయినా మళ్ళీ సైన్యంలో చేరి ఆఫీసరుగా ఫ్రాన్సు వెళ్ళాడు. 1940 మేలో బులోన్ రేవు నుంచి ఒక యుద్ధనౌకలో బయటపడ్డాడు. ఈసారి దెబ్బ మనస్సుకు తగిలింది. ఆరోగ్యం బాగాలేదని మళ్ళీ విడుదల. అప్పుడు ఏమి చేశాడనుకున్నారు? తానున్న కేటరమ్ ఊళ్ళో నిజంగానే హోంగార్డులో చేరాడు! ఇరవై ఎనిమిదేళ్ల తరువాత టెలివిజన్‌లో వేసిన వేషం ఆయన అప్పటికే ఒకసారి జీతం లేకుండా వేశాడన్నమాట.

యుద్ధం తరువాతి కాలాన్ని త్వరగా ముగిస్తాను. మొత్తం మీద ముప్పైకి పైగా నాటకాలు రాశాడు గాని మొదటిదానంత ఏదీ ఆడలేదు. మళ్ళీ వేషాలకే వచ్చాడు. 'ది ఆర్చర్స్' అనే రేడియో ధారావాహికలో డౌఈ హుడ్ వేషం. 'క్రాస్‌రోడ్స్' అనే టెలివిజన్ ధారావాహికలో మతగురువు వేషం. అలా నెట్టుకొస్తుండగా 1968లో గాడ్‌ఫ్రే.

ఎనభై భాగాల్లో ఒక్కదాని గురించి మాత్రం వివరంగా చెబుతాను. పేరు 'బ్రాండెడ్', 1969 నవంబరులో ప్రసారమైంది. గాడ్‌ఫ్రే దళం నుంచి తప్పుకుంటానని చీటీ ఇస్తాడు. కారణం అడిగితే, నేను ఎవరినీ చంపలేను, మొదటి యుద్ధంలో కూడా ఆయుధం పట్టడానికి ఒప్పుకోలేదు అంటాడు. అంతే, నిన్నటిదాకా కేకులు పంచుకు తిన్నవారంతా ముఖం తిప్పుకుంటారు. మానరింగ్ మాట్లాడడమే మానేస్తాడు. తరువాత పొగ నిండిన గుడిసెలో శిక్షణ జరుగుతూ మానరింగ్ లోపల పడిపోతే, గాడ్‌ఫ్రేనే వెళ్ళి బయటకు లాగుతాడు. ఆయన మంచాన పడితే అందరూ చూడడానికి ఇంటికి వెళ్తారు. గోడమీద పాత ఫోటో. అందులో గాడ్‌ఫ్రే ఛాతీమీద మిలిటరీ మెడల్! సోమ్ యుద్ధంలో ఆయుధం లేకుండా, గుండ్ల వర్షంలోకి వెళ్ళి గాయపడినవారిని మోసుకొచ్చాడని అక్కగారు చెబుతుంది. అది ఎందుకు పెట్టుకోరు అంటే, ఆడంబరంగా ఉంటుందనుకున్నాను అన్నట్టు ఏదో నసుగుతాడు.

ఆ భాగం చూస్తున్నప్పుడు నాకు ఇవేవీ తెలియవు. తరువాత పుస్తకం చదివాక మళ్ళీ చూశాను. సోమ్ అనే మాట వినిపించినప్పుడు ఆ ముసలాయన ముఖం మీదనే కళ్ళు పెట్టాను. ఎడమ చెయ్యి దుప్పటి మీద ఉంది. తెల్ల ఈక అందుకున్న మనిషి ఆ కథలో పిరికివాడని ముద్ర వేయించుకుని మంచం మీద పడుకుని ఉన్నాడు. దళంలో ఫ్రేజర్ వేషం వేసిన జాన్ లారీ కూడా ఆ మొదటి యుద్ధంలో నిజంగా పోరాడినవాడే.

నాకు అప్పుడు మా రికార్డు రూము తాత గుర్తొచ్చాడు. నేను 1973లో జూనియర్ అసిస్టెంటుగా చేరిన ఆఫీసులో ఆయన అటెండరు. ఊరూ పేరూ చెప్పను, ఆయన పిల్లలు ఉన్నారు. ఫైలు తెమ్మంటే మెల్లగా నడిచి వచ్చేవాడు. గంటకు రెండుసార్లు తలుపు దగ్గర నిలబడి, "బాబూ, ఒక్క నిమిషం బయటికెళ్ళొస్తాను" అనేవాడు. మేము కుర్రవాళ్ళం. "తాతకు పర్మిషను రిజిస్టరు వేరే తెరవాలి రా" అని నవ్వేవాళ్ళం. ఆ మాట అన్నది నేనే. ఆయన కూడా నవ్వి వెళ్ళిపోయేవాడు.

1977లో ఆయన రిటైరవుతుంటే పెన్షను కాగితాలు నా సీటుకు వచ్చాయి. పాత మిలిటరీ సర్వీసు ఉందంటే ఆధారం తెమ్మన్నాను. మర్నాడు ఇంటినుంచి తుప్పు పట్టిన రేకుపెట్టె తెచ్చి అందులోనుంచి డిశ్చార్జి బుక్కు తీసి ఇచ్చాడు. బర్మా యుద్ధరంగం. పొత్తికడుపులో గాయం. బర్మా స్టార్. నేను చదువుతూ తలెత్తి చూస్తే ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, నాలుగేళ్లుగా నిలబడినట్టే. "ఇది ముందే చెప్పలేదేం తాతా?" అన్నాను. "ఎవరూ అడగలేదు బాబూ" అన్నాడు. సూపరింటెండెంటుగారు లేచి తన కుర్చీ ఆయనకు వేశారు. నేను కాగితాలు ఒక్క అబ్జెక్షను రాకుండా పంపించాను. క్షమించమని మాత్రం అడగలేదు. ఈ రోజు అడుగుతాను, రేపు అడుగుతాను అనుకుంటూనే ఉన్నాను. ఆయన రెండేళ్లకే పోయారు.

సరే, రిడ్లీగారి రిజిస్టరులో మిగిలిన పద్దులు. 1972లో డాడ్స్ ఆర్మీని ఒక్కోసారి కోటీ ఎనభై లక్షల మంది చూసేవారు. ఆయన నాటకాలన్నీ కలిపి చూసిన జనం కన్నా గాడ్‌ఫ్రే బయటికి వెళ్ళడానికి అనుమతి అడగడం చూసినవారే ఎక్కువ ఉంటారు. 1975లో లండను షాఫ్ట్స్‌బరీ థియేటరులో దాన్నే రంగస్థలం మీద ఆడితే అందులోనూ వేశాడు. చివరి భాగం వచ్చేనాటికి 81 ఏళ్లు. ఓ.బి.ఇ. వచ్చిన రెండేళ్లకు, 1984 మార్చి 12న, వయసు మళ్ళిన నటులు ఉండే డెన్‌విల్ హాల్ అనే గృహంలో 88వ ఏట కన్నుమూశాడు. అస్థికలను బాత్‌లో సమాధి చేశారు. వెనక ఫోనులు చూస్తున్న మనుమల కోసం ఒక మాట: 2015 నాటి 'స్టార్ వార్స్' చిత్రంలో రే వేషం వేసిన డైసీ రిడ్లీ ఈయన వంశపు అమ్మాయే.

తిరిగి వచ్చేముందు మా అల్లుడిని అడిగి మ్యాంగట్స్‌ఫీల్డ్ తీసుకువెళ్ళమన్నాను. ఆ స్టేషనును 1966లోనే మూసేశారు. పట్టాలు తీసేసి, బ్రిస్టల్ నుంచి బాత్ దాకా సైకిలు బాట వేశారు. ప్లాట్‌ఫారం మాత్రం ఉంది, శిథిలమైన గోడలు కొంత ఉన్నాయి. అల్లుడు ఫోటో తీస్తానంటే వద్దన్నాను. ప్లాట్‌ఫారం అంచున కాసేపు కూర్చున్నాం. నా ఈడు ముసలాయన ఒకడు సైకిలు మీద పోతూ చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. అంతలో నాకు గాడ్‌ఫ్రే అవసరమే వచ్చింది. మా అల్లుడిని అనుమతి అడిగి గోడ చాటుకు వెళ్ళి వచ్చాను.

కార్యదర్శిగారు వాచీ చూసుకుంటున్నారు. మా రికార్డు రూము తాతవంటివారి డిశ్చార్జి బుక్కులు ఎవరి ఇంట్లోనైనా రేకుపెట్టెల్లో ఉంటే, దయచేసి జిరాక్సు తీయించి సంఘం ఆఫీసులో ఇవ్వండి. నేను ప్రతి మంగళవారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా అక్కడే కూర్చుంటాను.